గోడల బీమా, సామానుల బీమా

1666 సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారకమునుపే లండను నగరమున పుడ్డింగు లేన్ అను సందులో నొక రొట్టెలవాని యింట రగిలిన నిప్పు, తూర్పుగాలి తోడై, నాలుగు దినములు నగరమును దహించి, సుమారు 13,200 ఇండ్లను, 87 చర్చీలను, సెయింట్ పాల్ మహాలయమును భస్మీపటలము గావించెను. అగ్ని చల్లారిన పిమ్మట వేఱొక చిక్కు తలయెత్తెను. నాటి కౌలుపత్రముల ననుసరించి కాలిన యింటిని మరల కట్టించు భారము పెక్కుచోట్ల అద్దెకున్నవానిదే; పైగా లేని యింటికి అద్దెయు చెల్లింపవలసియుండెను. ఈ తగవులను తీర్చుటకై పార్లమెంటు ప్రత్యేక న్యాయస్థానమునే నెలకొల్పెను.

ఈ అగ్నిభయమును వ్యాపారముగా మలచినవాడు నికొలస్ బార్బన్. చదివినది వైద్యము, చేపట్టినది గృహనిర్మాణము. పాతభవనములను కొని, కూల్చి, వీధులకు వీధులు కట్టి యమ్మిన ఘటికుడు. 1680-81 ప్రాంతమున నతడు తెరచిన అగ్నిబీమా కార్యాలయమున ప్రీమియము ఇటుకయింటికి సాలుసరి యద్దెపై నూటికి రెండున్నర, కొయ్యయింటికి అయిదు. ఇండ్లు కట్టి యమ్మువాడే బీమాయు నమ్ముటలో వింత యేమున్నది?

అయితే ఆ బీమా గోడలకే గాని, గోడల నడుమ నున్న మంచములకు, వస్త్రములకు, సరకులకు గాదు. దీనికి కారణము ఊహింపవచ్చును. ఇల్లు కదలదు, దాని విలువను అద్దెయే చెప్పును; సామానులో, నేడుండి రేపుండవు, కాలిన పిదప వాని వెల చెప్పువాడు సొంతదారుడే. చార్లెస్ పోవీ యనునతడు సామానులకు బీమా ప్రారంభింపగా, ఆ వ్యాపారపు హక్కును కొన్నవారు 1710లో సన్ ఫైర్ ఆఫీసును స్థాపించి, గోడలను సామానులను ఒక్క కప్పు క్రిందికి దెచ్చిరి. అనగా ముప్పది యేండ్లు పట్టినది. అప్పుడును నగదు, పద్దుపుస్తకములు, ప్రామిసరీ నోట్లు, తుపాకిమందు బీమాకు వెలియే. పింగాణి, గాజు సామగ్రికి అపాయ మధికమని హెచ్చు ప్రీమియము.

సన్ ఆఫీసు బీమా గల యింటి ముంగిట, కిరణములతో గూడిన సూర్యముఖమును, దానిక్రింద పాలసీ సంఖ్యను పోతపోసిన సీసపుబిళ్ళను మేకులతో బిగించెడివారు. బిళ్ళ లేని యింటిని కంపెనీల అగ్నిమాపకులు కాలనిచ్చి చూచుచుండిరను కథ ప్రచారమున నున్నది గాని, నాకు నమ్మశక్యము గాదు. పొరుగింటి మంట తమ పాలసీదారుని కప్పు నంటుకొనునని యెఱుగని కంపెనీ యుండునా?

ఇక మోసము మాట. సొంతయింటికి తామే నిప్పుపెట్టి సొమ్ము గుంజువారి నరికట్టుటకై 1774 నాటి చట్టము, అనుమానము గలచోట ఆ సొమ్మును యజమాని చేతి కీయక, ఇల్లు మరల కట్టించుటకే వినియోగించు నధికారమును బీమాసంస్థల కొసగెను. ఆ నిబంధన భవనములకే పరిమితము. కాలిన పెట్టెలో నున్నవి పట్టుబట్టలో, నూలుబట్టలో తేల్చుటకు మాత్రము, నష్టపడినవాని ప్రమాణము, పొరుగువారి సాక్ష్యము తప్ప కంపెనీలకు వేఱు దారి చిక్కలేదు.