సారువ మీంచి పడితే: యూఏఈలో భవన కార్మికుడికి చట్టం చూపే దారులు

మన ఊళ్లలో సారువ అంటారు, పరంజా అంటారు. గల్ఫ్ సైట్లలో అందరి నోటా స్కఫోల్డింగే. దుబాయ్, అబుధాబి, షార్జాల్లో ఆ పైపులూ పలకల మీద నిలబడి పనిచేసేవారిలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చినవారు ఎందరో. పై నుంచి పడితే ఒక్క క్షణంలో నడుమో, కాలో పోతుంది. ఇంటికి డబ్బు పంపే మనిషి మంచానపడతాడు.

అలాంటప్పుడు యూఏఈ చట్టంలో ఒకటి కాదు, రెండు దారులు ఉన్నాయి. మొదటిది కార్మిక చట్టం కింద వచ్చే పరిహారం. రెండోది, ఎవరి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగిందో వారి నుంచి కోర్టు ద్వారా రాబట్టే నష్టపరిహారం. మొదటిది తీసుకుని సంతకం పెట్టేసి విమానం ఎక్కేవారు చాలామందికి రెండోది ఉందనే తెలియదు.

మొదటి దారి: కార్మిక చట్టం

ప్రైవేటు కంపెనీల కార్మికులకు ప్రస్తుతం వర్తించేది 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ చట్టం. ఇది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. దుబాయ్‌లోని డీఐఎఫ్‌సీ, అబుధాబిలోని ఏడీజీఎం ఆర్థిక మండలాలకు మాత్రం సొంత ఉద్యోగ చట్టాలున్నాయి.

ఈ చట్టంలోని 37వ అధికరణ ప్రకారం పనిలో గాయపడిన కార్మికుడికి కోలుకునే వరకు లేదా వైకల్యం తేలే వరకు వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స కాలంలో ఆరు నెలల వరకు పూర్తి జీతం ఇవ్వాలి. అప్పటికీ కోలుకోకపోతే మరో ఆరు నెలల వరకు సగం జీతం ఇవ్వాలి.

కార్మికుడు మరణించినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా పరిహారం 24 నెలల మూల వేతనం. అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2,00,000 దిర్హాములకు మించదు. పాక్షిక శాశ్వత వైకల్యమైతే వైద్యులు తేల్చిన శాతాన్ని బట్టి ఇందులో వాటా వస్తుంది.

ఇక్కడ 'మూల వేతనం' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఉదాహరణకు ఒక కార్మికుడికి అన్నీ కలిపి నెలకు 1,600 దిర్హాములు వస్తున్నా, కాంట్రాక్టులో మూల వేతనం 1,000 అని ఉంటే లెక్క 1,000 మీదే జరుగుతుంది. పూర్తి వైకల్యానికి 24,000, నలభై శాతం వైకల్యానికి 9,600 దిర్హాములు వస్తాయి. మూల వేతనం 600 మాత్రమే అయితే 24 నెలలకు 14,400 అవుతుంది. కనీస మొత్తం నిబంధన ఉంది కాబట్టి పూర్తి వైకల్యానికి 18,000 ఇవ్వాల్సిందే.

ఈ దారిలో కంపెనీ తప్పు చేసిందని నిరూపించనక్కర్లేదు. పనిలో గాయపడ్డాడని తేలితే చాలు. సర్వీసుకు రావలసిన గ్రాట్యుటీ, బకాయి జీతం, సెలవుల డబ్బు వేరే లెక్క. వాటిని పరిహారంలో కలిపేసి చూపిస్తే ఒప్పుకోవద్దు.

'బెల్టు పెట్టుకోలేదు' అంటే?

పరిహారం ఇవ్వనవసరం లేని సందర్భాలను 38వ అధికరణ చెబుతుంది. కావాలని గాయపరచుకోవడం, మద్యం లేదా మత్తు పదార్థాల ప్రభావంలో ఉండటం, అందరికీ కనబడేలా పెట్టిన భద్రతా సూచనలను ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించడం, సరైన కారణం లేకుండా వైద్యానికి నిరాకరించడం వంటివి అందులో ఉన్నాయి.

కంపెనీలు ఎక్కువగా చెప్పే మాట 'హార్నెస్ వేసుకోలేదు, తప్పు అతనిదే' అని. కంపెనీ అన్నంత మాత్రాన సరిపోదు. అధికారుల విచారణలో అది తేలాలి. పొరపాటు వేరు, కావాలని చేసిన ఉల్లంఘన వేరు. అసలు బెల్టు ఇచ్చారా, ఇచ్చినా కొక్కెం తగిలించే చోటు ఉందా, సూచనలు కార్మికుడికి అర్థమయ్యే భాషలో చెప్పారా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

రెండో దారి: నిర్లక్ష్యానికి నష్టపరిహారం

పలక సరిగా బిగించలేదు, రెయిలింగ్ లేదు, తనిఖీ చేయని స్కఫోల్డింగ్ ఎక్కించారు. ఇలాంటివి నిర్లక్ష్యం కిందికి వస్తాయి. ఒకరి నిర్లక్ష్యంతో మరొకరికి గాయమైతే యూఏఈలో అది క్రిమినల్ కేసు కూడా. పోలీసులు దర్యాప్తు చేసి ప్రాసిక్యూషన్‌కు పంపుతారు. సూపర్‌వైజరో, కంపెనీయో దోషి అని కోర్టు తీర్పు చెబితే, ఆ తీర్పు ఆధారంగా సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగడం సులువవుతుంది.

ఈ దావాకు 24 నెలల మూల వేతనం అనే కొలత ఉండదు. పోయిన సంపాదన, శరీరానికి జరిగిన నష్టం, మానసిక వేదన అన్నీ చూసి జడ్జి మొత్తాన్ని నిర్ణయిస్తారు. పైగా దావా సొంత యజమాని మీదే వేయాలని లేదు. స్కఫోల్డింగ్ కట్టిన సబ్ కాంట్రాక్టరు, సైటును నడిపే ప్రధాన కాంట్రాక్టరు, ఎవరి తప్పుంటే వారి మీద వేయవచ్చు. చిన్న మ్యాన్‌పవర్ కంపెనీ వీసా మీద పెద్ద సైటులో పనిచేసేవారికి ఇది చాలా ముఖ్యం.

ఈ దావాకు కాలపరిమితి ఉంటుంది. క్రిమినల్ కేసు నడుస్తోంది కదా అని ఊరుకోకుండా, చివరి తేదీ ఏదో లాయరును అడిగి రాసిపెట్టుకోవాలి.

మొదటి రోజే చేయాల్సినవి

రెండు దారులకూ పునాది పడేది ప్రమాదం జరిగిన రోజునే. అంబులెన్సుకు 998, పోలీసులకు 999. ఆసుపత్రిలో 'సైటులో స్కఫోల్డింగ్ మీంచి పడ్డాను' అనే చెప్పాలి. 'క్యాంపులో మెట్ల మీద జారానని చెప్పు, నీ వీసాకు ఇబ్బంది రాదు' అని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. మొదటి వైద్య నివేదికలో పడ్డ ఆ ఒక్క వాక్యం తర్వాత కేసు మొత్తాన్ని దెబ్బతీస్తుంది.

పోలీసు రిపోర్టు నంబరు, మెడికల్ రిపోర్టుల నకళ్లు, చూసిన సహోద్యోగుల పేర్లు, ఫోన్ నంబర్లు దాచుకోవాలి. స్కఫోల్డింగ్‌కు వేలాడే తనిఖీ ట్యాగు పచ్చదా ఎర్రదా, దాని మీద తేదీ ఏమిటి అన్నది ఎవరైనా గమనించి ఉంటే పోలీసులకు చెప్పాలి. గాయపడ్డవారి ఫొటోలు, వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టవద్దు. అక్కడి సైబర్ చట్టాల ప్రకారం అది నేరం కావచ్చు. ఆధారాలు ఇవ్వాల్సింది పోలీసులకు, లాయరుకు.

ఫిర్యాదు ఎక్కడ?

కార్మిక పరిహారం ఇవ్వకపోతే మానవ వనరుల మంత్రిత్వ శాఖకు, అంటే మొహ్రేకు ఫిర్యాదు చేయాలి. నంబర్లు 600590000, 80084. మొహ్రే ముందు రాజీకి ప్రయత్నిస్తుంది. 50,000 దిర్హాములు మించని వివాదాల్లో 2024 నుంచి తానే తుది నిర్ణయం ఇవ్వగలదు. దానితో ఏకీభవించనివారు 15 పనిదినాల్లో కోర్టుకు వెళ్లవచ్చు. అంతకంటే పెద్ద వివాదం రాజీ కాకపోతే కోర్టుకు పంపుతారు. లక్ష దిర్హాముల వరకు కార్మికుల దావాలకు కోర్టు ఫీజు లేదు. 2024లో వచ్చిన సవరణ ప్రకారం కార్మిక చట్టం కింద దావాకు గడువు ఉద్యోగం ముగిసిన నాటి నుంచి రెండేళ్లు.

సంతకానికి ముందు, విమానానికి ముందు

'నాకు రావలసినవన్నీ ముట్టాయి, ఇక ఎలాంటి క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. అరబిక్‌లో ఉన్నదాన్ని అర్థం చెప్పించుకోకుండా పెట్టవద్దు. వైకల్య శాతం తేల్చే తుది వైద్య నివేదిక రాకముందే లెక్క తేల్చుకుంటే నష్టపోయేది కార్మికుడే.

తప్పనిసరిగా ఇంటికి రావాల్సి వస్తే కేసు ఆగిపోనక్కర్లేదు. పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి లాయరు ద్వారా నడపవచ్చు. దాన్ని మన దగ్గర నోటరీ చేయించి, ప్రభుత్వ ధ్రువీకరణలు పొంది, యూఏఈ కాన్సులేట్ ముద్ర వేయించాలి. హైదరాబాద్‌లో 2023 నుంచి ఆ కాన్సులేట్ ఉంది. తర్వాత యూఏఈలో విదేశాంగ శాఖ ధ్రువీకరణ, అరబిక్ అనువాదం కావాలి. ఒక్క జాగ్రత్త: డబ్బు తీసుకునే అధికారం, రాజీపడే అధికారం ఎవరికి రాసిస్తున్నారో చదివి మరీ సంతకం చేయండి. మధ్యవర్తుల చేతిలో మోసపోయేది ఇక్కడే.

మన ప్రభుత్వాల నుంచి

ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణం లేదా శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు ఇస్తుంది. కంపెనీ పరిహారంతో దీనికి సంబంధం లేదు, రెండూ తీసుకోవచ్చు. విజిట్ వీసా మీద పనికి వెళ్లినవారికి ఈ బీమా ఉండదు. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 80046342. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ఇస్తోంది. దానికి జిల్లా కలెక్టరుకు దరఖాస్తు చేయాలి.

సౌదీ, కువైట్, ఖతర్‌లలో చట్టాలు వేరు. సౌదీలో పని ప్రమాదాల బీమాను గోసీ అనే సామాజిక బీమా సంస్థ చూస్తుంది. విదేశీ కార్మికులకూ అది వర్తిస్తుంది.

మీ వాళ్లు ఎవరైనా సైటు పనిలో ఉంటే ఈ వారమే ఫోన్ చేసి నాలుగు కాగితాలు వాట్సాప్‌లో పంపించమనండి: లేబర్ కాంట్రాక్టు, ఎమిరేట్స్ ఐడీ, పాస్‌పోర్టు, బీమా పాలసీ. కాంట్రాక్టులో మూల వేతనం ఎంత ఉందో మీరే చూడండి. ప్రమాదం జరిగాక ఆసుపత్రి మంచం మీంచి ఈ కాగితాలు వెతకడం ఎవరి వల్లా కాదు.