పరాయి కాల్‌కు పోర్టు

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి ఎస్‌టీడీ కోడు 08620, ఆత్మకూరుది 08627. సెల్‌ఫోన్లు వచ్చాక ఈ అంకెలు చాలామందికి గుర్తులేవు గానీ, దేశంలో టెలికాం లెక్కలన్నీ చాలాకాలం వీటి మీదే నడిచాయి. దేశాన్ని ఇలాంటి 2,600 పైచిలుకు ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదానికి 'ఎస్‌డీసీఏ' అని పేరు పెట్టారు. ఒక ముక్కలోపల మాట్లాడితే లోకల్ కాలు, గీత దాటితే ఎస్‌టీడీ. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు ఫోన్ చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. తర్వాత కొన్నేళ్లు సున్నా బదులు 95 కొట్టమన్నారు. పక్కపక్క ఊళ్లే అయినా కోడు కొట్టక తప్పేది కాదు.

ఈ గీతలు గీసిందీ, స్తంభాలు పాతిందీ, ఎక్స్ఛేంజి కట్టిందీ ఒక్కరే: టెలికాం శాఖ. అది తనకోసం కట్టుకున్న ఇంట్లోకి మరొకరి కాల్ రావాల్సి వస్తుందన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు.

1994 టెలికాం విధానంతో ప్రైవేటుకు దారి తెరుచుకుంది. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడిన సెల్ కాల్ దేశంలో మొదటిది. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో, అంటే ఆ లైసెన్సు పరిధిలో, జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ లైసెన్సులు తీసుకున్నాయి. మొదటిది తర్వాత ఎయిర్‌టెల్‌లో, రెండోది ఐడియాలో కలిసిపోయాయి. ఆ రోజుల్లో ఫోన్ అంటే ల్యాండ్‌లైనే కాబట్టి కొత్త కంపెనీల కాల్ చివరికి టెలికాం శాఖ ఎక్స్ఛేంజిలోనే దిగాలి. లైసెన్సు ఇచ్చేదీ ఆ శాఖే, ల్యాండ్‌లైన్ వ్యాపారం చేసేదీ ఆ శాఖే, పోర్టు ఇవ్వాల్సిందీ ఆ శాఖే. ఎక్కడైనా ఇది పంచాయితీకి దారితీసే ఏర్పాటే. అందుకే 1997లో చట్టం తెచ్చి, ట్రాయ్ అనే నియంత్రణ సంస్థను పెట్టి, కంపెనీల మధ్య అనుసంధానం సక్రమంగా జరిగేలా, పరికరాలు ఒకదానితో ఒకటి పొసిగేలా చూసే పని ఆ సంస్థకు అప్పగించారు. ఒక సెల్ కంపెనీ తన సర్కిల్‌లోని ఇంకో సెల్ కంపెనీతో నేరుగా కలుపుకోవచ్చని చెప్పడానికి 1999 విధానం దాకా ఆగాల్సి వచ్చింది. ట్రాయ్‌కీ టెలికాం శాఖకూ నడిచిన కోర్టు గొడవలు ముదిరి, 2000లో చట్టం సవరించి, తగాదాలు తీర్చడానికి టీడీశాట్ అనే ట్రిబ్యునల్ పెట్టారు. ఆ ఏడాది అక్టోబరులోనే శాఖ తన ఫోన్ వ్యాపారాన్ని బీఎస్‌ఎన్‌ఎల్‌గా విడదీసింది.

ఇంతకీ పోర్టు అంటే ఏమిటి? రెండు కంపెనీల స్విచ్‌లు కలిసే చోటును 'పాయింట్ ఆఫ్ ఇంటర్‌కనెక్షన్' అంటారు. అక్కడ కాల్స్ దిగడానికి ఇచ్చే దారే పోర్టు; దాని లెక్క 'ఈ-వన్'లలో ఉంటుంది. ఒక ఈ-వన్ అంటే సెకనుకు 2 మెగాబిట్ల దారి, దాంట్లో ఒకేసారి పట్టేవి 30 కాల్స్. ముప్పై ఒకటో మనిషి డయల్ చేస్తే 'ఈ మార్గంలో లైన్లన్నీ బిజీగా ఉన్నాయి' అన్న టేపు వినిపిస్తుంది. అవతలి మనిషి ఫోను ఖాళీగానే ఉంటుంది, తన టవరూ బాగానే ఉంటుంది. సోమశిల జలాశయం నిండుగా ఉన్నా తూము చిన్నదైతే చివరి పొలానికి నీరందనట్టే. తూము పెద్దది చేయాలంటే అవతలి కంపెనీ తన స్విచ్‌లో కార్డు వేయాలి, ఫ్రేమ్ మీద కేబుల్ దించాలి, సాఫ్ట్‌వేర్‌లో రూటు రాయాలి, పరీక్షించాలి. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. చేయాలన్న మనసుంటే రోజుల్లో పని, లేకపోతే నెలలు పడుతుంది.

అమెరికా ఈ తగువును మనకంటే ఎంతో ముందు చూసింది. 1913 డిసెంబరులో ఏటీ అండ్ టీ ప్రభుత్వానికి రాసిచ్చిన హామీతో చిన్న చిన్న స్వతంత్ర కంపెనీలు దాని దూరప్రాంత లైన్లు వాడుకోగలిగాయి. 1996 చట్టం ఇంకా ముందుకెళ్లి, పాత కంపెనీ తన నెట్‌వర్క్‌ను భాగాలుగా పోటీదారులకు అద్దెకివ్వాలంది. వెంటనే అసలు ప్రశ్న వచ్చింది: ఉన్నది ఉన్నట్టు ఇస్తే చాలా, అడిగినవాడి కోసం మార్చి కూడా ఇవ్వాలా? ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు 1997లో, కలపడానికి అవసరమైన మార్పులు చేయాల్సిందే గానీ ఇంకా కట్టని మెరుగైన నెట్‌వర్క్‌ను కట్టివ్వనక్కర్లేదంది. 2003లో అక్కడి నియంత్రణ సంస్థ గీత ఇంకాస్త స్పష్టంగా గీసింది. తన కస్టమరుకైతే మామూలుగా చేసే పని, అంటే కార్డు వేయడం, రిపీటరు బిగించడం లాంటివి, పోటీదారుకూ చేయాలి. కొత్తగా కందకం తవ్వి కేబుల్ వేయమని మాత్రం అడగకూడదు. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది. 'సాంకేతికంగా కుదరదు' అనే మాటకు ఇంత సూటి పరీక్ష దొరకడం అరుదు.

మన దగ్గర 2002లో ట్రాయ్, మార్కెట్‌లో 30 శాతం వాటా ఉన్న పెద్ద కంపెనీ అనుసంధాన షరతులు బహిరంగంగా ప్రకటించాలంది. 2003 మే నుంచి కాల్ అందుకున్న కంపెనీకి, కాల్ పంపిన కంపెనీ నిమిషానికి ఇంతని చెల్లించే పద్ధతి వచ్చింది. సెల్‌కు ఇన్‌కమింగ్ ఉచితమైంది అప్పుడే. దాంతోపాటే ఏడీసీ అనే వడ్డింపు ఒకటి వచ్చింది. పల్లెల్లో గిట్టుబాటు కాని ల్యాండ్‌లైన్లు నడుపుతున్నందుకు ప్రధానంగా బీఎస్‌ఎన్‌ఎల్‌కు మిగతా కంపెనీలు ఇచ్చే సొమ్ము అది. విదేశాల నుంచి వచ్చే కాల్స్ మీదా పడింది. అంటే కువైట్ నుంచి మెట్ట పల్లెలోని తల్లికి ఫోన్ చేసిన కొడుకు బిల్లులో, ఆమె ఇంటి తీగ ఖర్చు కొంత కలిసే ఉండేది. 2008లో దాన్ని ఎత్తేశారు.

ఒక తలుపు మాత్రం తెరుచుకోనేలేదు. ఇళ్లకు వెళ్లే రాగి తీగను పోటీదారులకూ ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో ట్రాయ్ సిఫారసు చేసింది. అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం దాన్ని తప్పనిసరి చేయలేదు. ఆ రాగి చాలాచోట్ల వాడకుండానే పాతబడిపోయింది. నా ఉద్దేశంలో అది బీఎస్‌ఎన్‌ఎల్‌ను కాపాడలేదు, ఇంకెవరికీ పనికిరాలేదు.

2016లో బంతి అటు తిరిగింది. సెప్టెంబరు 5న జియో వచ్చేసరికి ఒకప్పుడు పోర్టుల కోసం శాఖ గుమ్మం తొక్కినవాళ్లే ఇప్పుడు గుమ్మం లోపల ఉన్నారు. తన నుంచి వెళ్లే ప్రతి వంద కాల్స్‌లో 75కు పైగా విఫలమవుతున్నాయని జియో ట్రాయ్‌కు ఫిర్యాదు చేసింది. అనుమతించేది వెయ్యికి అయిదే! జియో ఉచిత కాల్స్ వరదలా వచ్చి పడుతున్నాయని, నిమిషానికి వచ్చే 14 పైసలు తమ ఖర్చుకే చాలవని పాత కంపెనీలు అన్నాయి. వాదనలో పస లేకపోలేదు. కానీ అక్కడ ఫోన్ తగలక విసుక్కున్నది కంపెనీలు కావు. అక్టోబరు 21న ట్రాయ్, సర్కిల్‌కు 50 కోట్ల చొప్పున జరిమానా సిఫారసు చేసింది: ఎయిర్‌టెల్, వొడాఫోన్‌లకు 21 సర్కిళ్ల మీద 1,050 కోట్లేసి, ఐడియాకు 950 కోట్లు. మొత్తం 3,050 కోట్లు. ఎయిర్‌టెల్, వొడాఫోన్‌ల విషయంలో జమ్ము కశ్మీర్ ఒక్కటే మినహాయింపు కాబట్టి మన సర్కిలూ అందులో ఉంది. చెల్లించమని నోటీసులు వెళ్లింది మాత్రం 2021లో.

ఈలోగా ట్రాయ్ 2018 నిబంధనలు గడువు పెట్టాయి. పోర్టులు అడిగితే మొదట 30 పనిదినాల్లో ఇవ్వాలన్నారు, తర్వాత కాస్త సడలించారు. నిబంధన మీరితే సర్కిల్‌కు రోజుకు లక్ష రూపాయల దాకా దండుగ. ఆ కంపెనీల ఆదాయం ముందు లక్ష ఏపాటి? అయినా తేదీ అంటూ ఒకటి ఉండటం మేలే. 2021 జనవరి నుంచి దేశంలోపలి కాల్స్‌కు నిమిషానికి పైసల లెక్కే లేకుండా పోయింది.

ఇప్పుడు పోర్టు నుంచి టవరు దాకా వచ్చాం. వెలిగొండల పంచనున్న సీతారామపురం లాంటి చోట్ల రెండో కంపెనీ రెండో టవరు కట్టాలంటే లెక్క గిట్టదు. డిజిటల్ భారత్ నిధితో కట్టిన 27 వేలకు పైగా 4జీ టవర్ల దగ్గర, బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియోల్లో ఏ సిమ్ ఉన్నా అక్కడున్న నెట్‌వర్క్ మీదే మాట్లాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. ఆ నిధికి డబ్బు కంపెనీల ఆదాయం మీద 5 శాతం లెవీగా వస్తుంది. అవి సొంత ఖర్చుతో కట్టుకున్న టవర్లకు ఈ ఏర్పాటు వర్తించదు.