డివిజన్ 3 కళాశాల ఐస్ హాకీలో ఆటగాళ్ళ ఎంపిక, ఆర్థిక సహాయం

డివిజన్ 3 ఐస్ హాకీ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని చిన్న కళాశాలల మధ్య జరిగే మంచు హాకీ పోటీల స్థాయి. అమెరికా కళాశాలల క్రీడలను నిర్వహించే ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ 1973లో తన సభ్య కళాశాలలను మూడు విభాగాలుగా విభజించినది. వాటిలో సభ్యుల సంఖ్య రీత్యా మూడవదే అతి పెద్దది. నాలుగు వందలకు పైగా కళాశాలలు ఇందులో ఉన్నాయి. వీటిలో పురుషుల ఐస్ హాకీ జట్టు గలవి 80కి పైగా కలవు. ఈ విభాగపు ముఖ్య నియమం ఒకటే: ఆటలో ప్రతిభ ఉన్నదన్న కారణంతో ఏ విద్యార్థికీ ఉపకారవేతనం ఇవ్వరాదు. అయినప్పటికీ ఈ విభాగంలోని క్రీడాకారులలో నూటికి సుమారు 80 మందికి ఏదో ఒక రూపంలో ఆర్థిక సహాయం అందుతున్నదని ఎన్.సి.ఎ.ఎ. చెబుతుంది. ఈ రెండు మాటలకు పొంతన ఎలా కుదురుతుందో తెలిస్తే ఈ వ్యవస్థ చాలావరకు అర్థమైనట్లే.

"మూడవ" అన్న సంఖ్యను చూసి ఇది నాసిరకం ఆట అనుకోరాదు. విభాగాల మధ్య ప్రధానమైన తేడా డబ్బు విషయంలోనిది. హామిల్టన్ కళాశాల గోలీ గై హెబర్ట్, నార్విచ్ విశ్వవిద్యాలయపు ఆటగాడు కీత్ ఓకోయిన్ ఈ స్థాయి నుండే వృత్తి క్రీడలో అత్యున్నతమైన నేషనల్ హాకీ లీగ్ వరకు వెళ్ళారు. అయితే అటువంటివారు అరుదు. అత్యధికులకు కళాశాలతోనే పోటీ హాకీ ముగుస్తుంది.

నేపథ్యం

డివిజన్ 3 పురుషుల జాతీయ ఛాంపియన్‌షిప్ 1984లో మొదలైనది. మొదటి విజేత మసాచుసెట్స్ రాష్ట్రంలోని బాబ్సన్ కళాశాల. మహిళల పోటీ 2002లో ప్రారంభం కాగా ఎల్మైరా కళాశాల తొలి విజేతగా నిలిచింది. వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కళాశాల 1995 నుండి 1999 వరకు వరుసగా ఐదు సార్లు పురుషుల టైటిల్ గెలుచుకొన్నది. 1987లో ప్లాట్స్‌బర్గ్ జట్టు గెలిచిన టైటిల్‌ను నిబంధనల ఉల్లంఘన కారణంగా ఎన్.సి.ఎ.ఎ. తరువాత రద్దు చేసినది. ఆ సంవత్సరపు విజేత స్థానం ఇప్పటికీ ఖాళీగానే చూపబడుతున్నది.

ఈ కళాశాలలు రెండు రకాలు. న్యూ ఇంగ్లాండ్ ప్రాంతంలో ఎక్కువగా ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి. 1971లో ఏర్పడిన నెస్కాక్ అనే కూటమిలో విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, బౌడిన్, మిడిల్‌బరీ వంటి పేరుపొందిన 11 కళాశాలలు ఉన్నాయి. న్యూయార్క్, విస్కాన్సిన్ రాష్ట్రాలలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల జట్లు ఎక్కువ. వీటిలో రుసుము మొదటినుండే తక్కువ కనుక సహాయపు లెక్కలు కూడా వేరు. విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందం వలన ఒక రాష్ట్రపు విద్యార్థి రెండవ రాష్ట్రంలో తగ్గించిన రుసుముతో చదవవచ్చును. హాకీకి పుట్టినిల్లు వంటి మిన్నెసోటా నుండి పొరుగు రాష్ట్రపు జట్లలో చేరేవారికి ఇది లాభదాయకం.

ఆటగాళ్ళ ఎంపిక

అమెరికాలో ఇతర క్రీడలలో ఉన్నత పాఠశాల ముగియగానే విద్యార్థి కళాశాలలో చేరుతాడు. పురుషుల హాకీలో అలా కాదు. ఎక్కువమంది పాఠశాల తరువాత ఒకటి, రెండు, ఒక్కొక్కసారి మూడు సంవత్సరాలు జూనియర్ లీగులలో ఆడి, 20 లేదా 21 ఏళ్ళ వయసులో మొదటి సంవత్సరం విద్యార్థిగా చేరుతారు. జూనియర్ లీగులలో పై స్థాయివైన యు.ఎస్.హెచ్.ఎల్., ఎన్.ఎ.హెచ్.ఎల్. వంటివి ఆడినందుకు రుసుము వసూలు చేయవు. క్రింది స్థాయి లీగులు చాలావరకు ఆటగాడి కుటుంబం నుండే వేల డాలర్లు తీసుకొంటాయి. కొడుకు ఆట కోసం చిన్ననాటి నుండి ఇంత ఖర్చు పెట్టిన తల్లిదండ్రులు చివరకు కళాశాల ఉపకారవేతనం రూపంలో అది తిరిగి వస్తుందని ఆశిస్తారు. ఈ వ్యవస్థలో అనేక ఆశాభంగాలకు మూలం ఇక్కడే ఉన్నది.

కోచ్‌లు జూనియర్ లీగుల ప్రదర్శన పోటీలకు వెళ్ళి ఆటగాళ్ళను చూస్తారు. ఉన్నత పాఠశాల రెండవ సంవత్సరం పూర్తయిన తరువాత కళాశాల ప్రాంగణం వెలుపల విద్యార్థిని కలిసి మాట్లాడవచ్చును. మూడవ సంవత్సరం జనవరి 1 తరువాత కళాశాల తన ఖర్చుతో విద్యార్థిని ఒకసారి పిలిపించుకొని చూపవచ్చును. ఫోను, ఉత్తరాల విషయంలో మొదటి విభాగంలో ఉన్నంత కట్టడి ఇక్కడ లేదు.

కోచ్ మొదట అడిగే కాగితాలలో మార్కుల పట్టిక ఒకటి. ప్రవేశం కష్టమైన కళాశాలలలో కోచ్ ఆ పట్టికను ప్రవేశాల కార్యాలయానికి పంపి, ఈ విద్యార్థికి అవకాశం ఉన్నదా లేదా అని ముందుగానే అభిప్రాయం తెప్పించుకొంటాడు. దీనిని పూర్వ పరిశీలన అనవచ్చును. అనుకూలంగా వస్తే కోచ్ తనకున్న పరిమితమైన మద్దతులలో ఒకటి అతనికి కేటాయిస్తాడు. అందుకు ప్రతిగా, ప్రవేశం లభిస్తే తప్పక చేరుతానని మాట ఇచ్చే ముందస్తు నిర్ణయ పద్ధతిలో దరఖాస్తు చేయమని కోరడం పరిపాటి. ఈ మాట విద్యార్థిని కట్టివేస్తుంది. కుటుంబానికి సరిపడా ఆర్థిక సహాయం రాని పక్షంలో మాత్రం విరమించుకోవచ్చును. ఇతర కళాశాలల సహాయంతో పోల్చి చూసుకొనే అవకాశం ఈ పద్ధతిలో ఉండదు కాబట్టి, మధ్యతరగతి కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

కోచ్ నోటిమాటగా "నీకు జట్టులో చోటు ఉన్నది" అని చెప్పినా, ఆటగాడు "వస్తాను" అని ప్రకటించినా అది ఒప్పందం కాదు. మొదటి విభాగంలో 2024 వరకు అమలులో ఉండిన జాతీయ అంగీకార పత్రం మూడవ విభాగానికి ఎన్నడూ వర్తించలేదు. ఇక్కడ ఉన్నది వేడుక కోసం సంతకం చేసే పత్రం మాత్రమే. దానికి బద్ధత లేదు.

ఆర్థిక సహాయం

నియమం సారాంశం ఇది: ప్రవేశం ఇచ్చేటప్పుడు కళాశాల విద్యార్థి ఆటను పరిగణించవచ్చును, సహాయం నిర్ణయించేటప్పుడు పరిగణించరాదు. అనగా ఆట తలుపు తీయగలదు కాని ధర తగ్గించలేదు. సహాయపు మొత్తాన్ని ఏర్పాటు చేయడంలో గాని, మార్చడంలో గాని క్రీడా విభాగపు ఉద్యోగులకు పాత్ర ఉండరాదు. జట్టు నుండి వైదొలగినా, గాయపడినా, కోచ్ తొలగించినా ఆ కారణంగా విద్యార్థి సహాయం తగ్గదు. ఈ చివరి అంశాన్ని కుటుంబాలు తగినంతగా గమనించవు గాని, డివిజన్ 3 విద్యార్థికి ఉన్న గొప్ప రక్షణ ఇదే.

సహాయం ప్రధానంగా రెండు విధాలు. మొదటిది కుటుంబ అవసరాన్ని బట్టి ఇచ్చేది. దీనికి విద్యార్థి ఫాఫ్సా అనే ప్రభుత్వ దరఖాస్తును నింపాలి. అనేక ప్రైవేటు కళాశాలలు సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ అనే మరింత వివరమైన పత్రం కూడా అడుగుతాయి. కుటుంబ ఆదాయం, ఆస్తులు చూసి ఆ కుటుంబం ఎంత భరించగలదో లెక్క కడతారు. ఉదాహరణకు సంవత్సరానికి 60,000 డాలర్లు ఖర్చయ్యే కళాశాలలో ఒక కుటుంబం 20,000 భరించగలదని తేలితే, మిగిలిన 40,000 ఆ విద్యార్థి "అవసరం". ఈ అవసరాన్ని గ్రాంటు, అప్పు, ప్రాంగణంలో పని కలిపి పూరిస్తారు. సంపన్నమైన నిధి గల కళాశాలలు పూర్తిగా పూరిస్తాయి. ఆమ్‌హెర్స్ట్, బౌడిన్ వంటివి 2008లో తమ సహాయం నుండి అప్పును తీసివేసి దాని స్థానంలో గ్రాంటు ఇవ్వసాగాయి. చిన్న నిధి గలవి కొంత పూరించి మిగిలినది కుటుంబానికే వదిలివేస్తాయి. అత్యల్ప ఆదాయ కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వపు పెల్ గ్రాంటు కలదు. 2024-25 విద్యా సంవత్సరంలో దీని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు.

రెండవది మార్కులను బట్టి ఇచ్చే ప్రతిభా ఉపకారవేతనం. నెస్కాక్ కళాశాలలలో ఎక్కువ వాటిలో ఇది లేదు. ప్రవేశం అంత కష్టం కాని ప్రైవేటు కళాశాలలలో మాత్రం ఇదే ముఖ్యం. ఈ కారణంగా కాస్త వింతైన ఫలితం వస్తుంది. జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసేవాడు పూర్తి రుసుము కట్టవచ్చు, నాలుగవ వరుసలో ఆడేవాడు మంచి మార్కుల వలన సగమే కట్టవచ్చు. ప్రకటిత రుసుమును చూసి భయపడనవసరం లేదు. చివరకు కట్టవలసినది ఎంతో అంచనా వేసే గణన సాధనం ప్రతి కళాశాల వెబ్‌సైటులో ఉండాలని అమెరికా చట్టం 2011 నుండి నిర్బంధించింది.

కెనడా నుండి వచ్చే ఆటగాళ్ళు హాకీలో ఎక్కువ. విదేశీ విద్యార్థులకు అమెరికా ప్రభుత్వ సహాయం వర్తించదు కాబట్టి వారికి కళాశాల సొంత నిధే ఆధారం. అటువంటి నిధిలో అధిక భాగం క్రీడాకారులకే చేరితే అది దొడ్డిదారి ఉపకారవేతనం కాదా అన్న అనుమానం వస్తుంది. 2004 నాటి సంస్కరణల తరువాత ప్రతి కళాశాల తన క్రీడాకారులకు, ఇతర విద్యార్థులకు ఇచ్చిన సహాయపు వివరాలను ఏటా ఎన్.సి.ఎ.ఎ.కు పంపుతున్నది. రెంటి మధ్య వివరించలేని తేడా కనబడితే విచారణ జరుగుతుంది.

మినహాయింపులు

కొన్ని మూడవ విభాగపు కళాశాలలు హాకీని మాత్రం మొదటి విభాగంలో ఆడతాయి. క్లార్క్‌సన్, సెయింట్ లారెన్స్, రెన్సెలార్, కొలరాడో కళాశాలలకు క్రీడా ఉపకారవేతనాలు ఇచ్చే పాత అలవాటు ఉండేది. దానిని రద్దు చేయాలన్న ప్రతిపాదన 2004 జనవరి సమావేశంలో వచ్చి, చివరకు వీటికి మినహాయింపు కొనసాగింది. యూనియన్ కళాశాలకు ఆ వెసులుబాటు లేదు. అయినా ఆ జట్టు ఒక్క క్రీడా ఉపకారవేతనం కూడా ఇవ్వకుండానే 2014లో మిన్నెసోటా విశ్వవిద్యాలయాన్ని 7-4 తేడాతో ఓడించి మొదటి విభాగపు జాతీయ విజేత అయినది. యూనియన్‌కు, రాచెస్టర్ సాంకేతిక విద్యాసంస్థకు 2022లో అనుమతి లభించింది.

విమర్శలు, కళాశాలల మనుగడ

విలియం బోవెన్ 2001లో జేమ్స్ షుల్మన్‌తోను, 2003లో సారా లెవిన్‌తోను కలిసి వ్రాసిన రెండు గ్రంథాలు ఈ విషయంపై పెద్ద చర్చ లేపాయి. ఉపకారవేతనాలు లేని కళాశాలలలో కూడా కోచ్ జాబితాలో ఉన్న విద్యార్థికి ప్రవేశంలో గణనీయమైన అనుకూలత ఉన్నదని, వారిలో చాలామంది తమ అర్హతలను బట్టి ఆశించిన స్థాయికంటే తక్కువ మార్కులు తెచ్చుకొంటున్నారని అవి గణాంకాలతో చూపాయి. చిన్న కళాశాలలో ఈ ప్రభావం పెద్దది. వేల మంది చదివే విశ్వవిద్యాలయంలో హాకీ జట్టు కనబడదు. రెండు వేల మంది ఉన్నచోట విద్యార్థులలో మూడింట ఒక వంతు వరకు ఏదో ఒక క్రీడాజట్టులో ఉంటారు. అదీగాక హాకీ ఖరీదైన ఆట. చిన్నతనం నుండి దానిని భరించగలిగినవారు సాధారణంగా ఉన్నవారే కావడంతో, ప్రవేశంలో ఆటకు ఇచ్చే విలువ పరోక్షంగా సంపదకు ఇచ్చే విలువ అవుతుందన్న విమర్శలో నిజం లేకపోలేదు.

పేరు, నిధి రెండూ తక్కువైన కళాశాలలలో కథ తలక్రిందులు. అక్కడ విద్యార్థులు చేరడమే సమస్య. మిషిగన్ రాష్ట్రంలోని ఆడ్రియన్ కళాశాల 2005లో జెఫ్రీ డాకింగ్ అధ్యక్షుడైన తరువాత క్రీడలనే మార్గంగా ఎంచుకొన్నది. 2007లో రింక్ కట్టి హాకీ ప్రారంభించి, ఒక్కొక్క కోచ్ ఏటా ఇంతమందిని తీసుకురావాలని లక్ష్యం నిర్ణయించింది. ఉపకారవేతనం లేకపోవడం ఈ లెక్కలో లోపం కాదు, ఆధారమే. జట్టులో చేరే ప్రతి విద్యార్థి కొంత రుసుము కడతాడు. కళాశాల విద్యార్థుల సంఖ్య బాగా పెరిగింది, 2022లో హాకీ జాతీయ టైటిల్ కూడా వచ్చింది. ఈ పద్ధతిని పలు కళాశాలలు అనుసరించాయి. జట్టులో పేరు ఉండి ఎన్నడూ మ్యాచ్ ఆడని విద్యార్థులు పెరగడం దీని మరొక పార్శ్వం.

అందరికీ ఇది ఫలించలేదు. హాకీ జట్లు కలిగిన బెకర్ కళాశాల 2021లో, ఫిన్లాండియా విశ్వవిద్యాలయం 2023లో మూతపడ్డాయి. ఒక కళాశాల ఇచ్చిన సహాయం మరొక కళాశాలకు బదిలీ కాదు కనుక, చదువు మధ్యలో ఉన్న ఆటగాళ్ళు కొత్త జట్టును వెతుక్కోవడంతో పాటు ఆర్థిక సహాయానికి మళ్ళీ మొదటి నుండి దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది.