అమీర్‌పేట మార్గములు, అరిగిన క్లచ్చు ప్లేట్లు

హైదరాబాదులో మోటారుసైకిలు కొన్నవాని యెడమచేతికి మొదట అలవడు విద్య క్లచ్చును పట్టుట. బండి పాతబడిన కొలదిని అలవడవలసిన విద్య క్లచ్చు రోగమును పట్టుట. మొదటిది నాలుగు దినములలో వచ్చును. రెండవది ఇంటి వాకిళ్లలోను, చెట్టుక్రింది మరమ్మతు కొట్లలోను చేతిమీదుగా ఒక తరమునుండి మరియొక తరమునకు సంక్రమించుచు వచ్చినది. అమీర్‌పేట, పంజగుట్టల పరిసరములలో ఈ విద్య యేల వర్ధిల్లెను, ఇప్పుడేల సన్నగిల్లుచున్నది అని విచారించినచో, యంత్రముల కథతోపాటు ఆ మార్గముల కథయు కొంత బోధపడగలదు.

మోటారుసైకిలు పుట్టిన తొలినాళ్లలో పెక్కింటికి క్లచ్చు లేదు. ఇంజనునుండి వెనుక చక్రమునకు పట్టీ నేరుగా పోవుచుండుటచే, నిలుపవలెనన్న ఇంజనునే ఆర్పవలసియుండెను. మరల కదలవలెనన్న బండిని తోసికొనుచు పరుగెత్తి పైకి దూకవలసియుండెను. ఈ యవస్థను తొలగించుటకు వచ్చిన సాధనములలో కాలమునకు నిలిచినది పెక్కు ప్లేట్ల క్లచ్చు. రాపిడి ప్లేటును ఉక్కు ప్లేటును ఒకదాని వెంట నొకటిగా పేర్చి, స్ప్రింగులతో అదిమిపెట్టిన ఆ కట్ట, లీవరు వదలినపుడు ఏకమై ఇంజను బలమును గేర్లకు అందించును. పట్టినపుడు విడివడి ఆ బంధమును తెంచును. రాపిడిచేతనే పనిచేయునది గనుక అరుగుట దానికి దోషము కాదు, ధర్మము. ఏ తీరున అరిగినది, ఎవరిచే అరిగినది అనునదియే ప్రశ్న.

మన నగరమున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల చేతులు ఒక్కనాట తయారుకాలేదు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించుటతో మోటారు మరమ్మతు నిలకడగల వృత్తి యయ్యెను. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ బస్సుల పైకట్టులతోను, రిఫ్రిజిరేటర్లతోను, తుదకు ‘పుష్పక్’ స్కూటరుతోను సనత్‌నగరు పేరును ఇంటింటికి తెచ్చెను. ఆ కర్మాగారములకును, వానికి ఆవలనున్న బాలానగరునకును పోవు పనివారు, ఖైరతాబాదు మీదుగా సచివాలయమునకు పోవు గుమాస్తాలు అమీర్‌పేట, పంజగుట్టల దారినే పట్టుచుండిరి. పగలెల్ల వెర్నియరుతోను ఆకురాయితోను మెలగు మనుష్యులు సాయంకాలము తమ బండికి తామే పానలు పట్టుటలో ఆశ్చర్యమేమి కలదు?

అంతకంటె బలవత్తరమైన హేతువు దుర్లభత్వము. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు కర్మాగారము, 1961లో మైసూరున జావా కర్మాగారము, ఆ మరుసటి యేట రాజ్‌దూత్ వచ్చినను, లైసెన్సుల కాలమున ఉత్పత్తికి ప్రభుత్వము విధించిన మితులచే బండి దొరకుట కష్టముగనే యుండెను. స్కూటరుకై సొమ్ము కట్టినవాడు ఏండ్ల తరబడి తన వంతుకై కాచుకొనవలసియుండెను. అంత కాలము నిరీక్షించి తెచ్చుకొన్న బండిని చెడినదని పారవేయువా రెవరు? రాణిగంజి, పుత్లీబౌలీ కొట్లలో సామాను దొరకినచో సరి. దొరకనినాడు పాతదానినే క్రొత్తదిగా చేసికొనవలెను.

ఆ కాలపు ప్లేట్లకు కార్కులు కొట్టు పని ఇందుకు చక్కని తార్కాణము. లోహపు ప్లేటులో వరుసగా గల రంధ్రములందు కార్కు బిళ్లలు దిగగొట్టియుండును. అవి అరిగి, ప్లేటుతో సమమట్టమునకు వచ్చినపుడు, పాత బిళ్లలను తొలచివైచి, క్రొత్త బిళ్లలను వేడినీట నానవైచి మెత్తపరచి, ఒక్కొక్కటిగా రంధ్రములలో కూర్చి, ఆరిన పిమ్మట రెండు వైపులను గరుకు కాగితముపై ఒకే మట్టమునకు వచ్చునట్లు రుద్దవలెను. ఒక్క బిళ్ల ఎత్తుగా మిగిలినను భారమంతయు దానిపైననే పడి, క్లచ్చు వదలుటలోను పట్టుటలోను తడబడును. అందుచే ఉస్తాదు ప్లేటును కంటి మట్టమునకు ఎత్తి, వెలుతురునకు అడ్డముగా పట్టి చూచి, తృప్తి కలిగిన పిదపనే శిష్యునకు అందించును.

అయితే ఈ వృత్తికి తలమానికము విప్పి బిగించుట కాదు, విప్పకమునుపు చేయు నిర్ణయము. “బండి లాగుట లేదు” అని వచ్చినవానికి వెంటనే ప్లేట్లు మార్చుమని చెప్పువాడు మంచి పనివాడు కాడు. బుల్లెట్టు, యెజ్డీవంటి బండ్లలో కిక్కు బలము క్లచ్చు ద్వారముననే ఇంజనునకు చేరును గనుక, కిక్కు కొట్టినపుడు ఇంజను తిరుగక కాలు ఊరక క్రిందికి జారినచో క్లచ్చు జారుచున్నదని తెలియును. తక్కిన బండ్లకు పంజగుట్ట ఫ్లైఓవరు ఎక్కుడే పరీక్ష: పై గేరులో ఏక్సిలేటరు ఇచ్చినపుడు ఇంజను రొద పెరిగియు వేగము పెరుగకున్నచో అనుమానము దృఢపడును. సిగ్నలు వద్ద న్యూట్రలు పడక గేరు మొరాయించుట దీనికి విరుద్ధమైన వ్యాధి. అచట ప్లేట్లు జారుట లేదు, విడివడుట లేదు.

జారుట రూఢియైనను తొలుత చూడవలసినది కేబులే. లీవరు కొనవద్ద సుమారు 10 నుండి 20 మిల్లీమీటర్ల ‘ప్లే’ లేనిచో, రైడరు చేయి తీసినను క్లచ్చు సగము పట్టియే యుండి, మంచి ప్లేట్లు సయితము కాలిపోవును. పిదప నూనె. కార్ల నూనెలలో రాపిడిని తగ్గించు ద్రవ్యములు కలిసియుండవచ్చును గనుక, నూనెలో మునిగి పనిచేయు క్లచ్చునకు అవి పనికిరావు. జపానువారి జాసో ప్రమాణమున ‘ఎం.ఎ.’ అను గుర్తు ఏర్పడినది ఇందుకే. ఈ రెండును సరిగా నున్నపుడు మాత్రమే మూత విప్పవలెను. స్ప్రింగుల బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా వదలించుట. ఉక్కు ప్లేట్లను అద్దముపై పెట్టి వంకర చూచుట. రాపిడి ప్లేట్ల మందమును కొలుచుట. హౌసింగు పళ్లలో గాట్లు పడినవేమో వ్రేలితో తడిమి చూచుట. క్రొత్త ప్లేట్లను ఇంజను నూనెలో నానవేసి, పాత ప్యాకింగును మార్చి మూయుట, ఇదియే క్రమము. నేల చదునుగా నుండి ఓపిక గలవాడు ఇంటివద్దనే ఒక పూటలో ముగింపదగిన పని.

1985లో హీరో హోండా సీ.డీ. 100, యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చుటతో దుర్లభత్వము తగ్గనారంభించెను. కార్కులు కొట్టు చేతులకు పని తగ్గి, పెట్టెలో సిద్ధముగా వచ్చు ప్లేట్ల జత రాజ్యమేలెను. అదే సమయమున మార్గముల స్వభావమును మారెను. 1990 ప్రాంతమున ఆరంభమై కంప్యూటరు శిక్షణాలయములు అమీర్‌పేటను ముంచెత్తగా, పల్లెలనుండియు పట్టణములనుండియు వచ్చిన యువకుల బండ్లతో మైత్రీవనము కూడలి క్రిక్కిరిసెను. పూర్వము బరువును, ఎత్తును అరుగదీసిన ప్లేట్లను ఇపుడు ఆగుటయు కదలుటయు అరుగదీయుచున్నవి. గేరు తీయక, లీవరు పూర్తిగా వదలక, అడుగడుగునకు ‘హాఫ్ క్లచ్చు’పై బండిని ప్రాకించువాని ప్లేట్లు, తిన్నని దారిలో నడుపువాని ప్లేట్లకంటె ఎంతో ముందుగా నల్లబడును. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చి పెక్కుమందిని పైకి ఎత్తుకొన్నను, క్రిందనున్న బండ్ల బారులు తరుగలేదు.

ఇపుడు గేర్లులేని స్కూటర్లు యెడమచేతికి ఆ పనియే లేకుండ చేసినవి. విద్యుద్వాహనములు క్లచ్చునే తొలగించినవి. అందులకు విచారింపనక్కరలేదు, కార్కులు కొట్టు పనియు ఒకనాడు అవసరము తీరినపిదప తొలగినదే. విచారింపవలసినది వేరొకటి. సామాను దొరకనినాడు మనుష్యుడు తప్పనిసరియై కారణమును వెదకెను. సామాను సులభమైననాడు కారణమును వెదకుట మాని సామానునే మార్చుచున్నాడు. కేబులు బిగువుచే కాలిన ప్లేట్లను మార్చి, కేబులును అట్లే వదలిన బండి మూడు మాసములలో మరల అదే కొట్టునకు వచ్చును. పాత ఉస్తాదులు మనకు విడిచిన నిజమైన ఆస్తి పానల పెట్టె కాదు, బయటినుండి లోనికి, సులభమైనదానినుండి కష్టమైనదానికి పోవు ఆ పరీక్షాక్రమము. బండి మారినను, క్లచ్చు పోయినను, దానికి పని లేకుండపోవు కాలము రాదు.