పశువులకు మొద్దుబార్చే మందు: కొకెయిన్ నుంచి లిగ్నోకెయిన్ దాకా

మనిషి కోసం కనిపెట్టిన మందే ఆ తరువాత పశువు దాకా వస్తుందని అనుకుంటాం. ఒంట్లో ఒక్క భాగాన్నే మొద్దుబార్చే మందుల కథలో వరుస వేరు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిన్ ద్రావణాన్ని మొదట వేసింది కప్ప కంట్లో. తరువాత కుందేలు, కుక్క. తన కన్ను ఆఖరున. మరుసటి ఏడు న్యూయార్క్‌లో లియోనార్డ్ కార్నింగ్ వెన్నులో కొకెయిన్ ఎక్కించి చూసిందీ ముందు కుక్క మీదే.

కొకెయిన్ విషగుణమూ, అది అంటించే వ్యసనమూ త్వరలోనే బయటపడ్డాయి. 1905 నాటికి ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకెయిన్ వాడుకలోకి వచ్చింది. పశువైద్యంలో అసలు మలుపు మాత్రం 1920లలో, ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ బెనెష్ ఆవు తోక మొదట్లో వెన్నుపూసల మధ్య సూది వేసే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినప్పుడు వచ్చింది. ఆవును పూర్తి మత్తులో పడుకోబెడితే కడుపు ఉబ్బుతుంది, పొట్టలోని మేత గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లో పడవచ్చు. ఈ సూది తక్కువ మోతాదులో వేస్తే ఆవు నిలబడే ఉంటుంది, ముక్కడం ఆగిపోతుంది. అడ్డం తిరిగిన దూడను సరిచేయడానికి డాక్టరుకు వీలు చిక్కుతుంది. పాడి రైతుకు ఇంతకు మించిన మేలు చేసిన సూదులు తక్కువే.

స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ 1943లో లిగ్నోకెయిన్ తయారుచేశారు. ఇది నరాల్లోని సోడియం ద్వారాలను మూసి, నొప్పి కబురును మెదడుకు చేరనివ్వదు. చీము పట్టిన చోట ఆమ్లగుణం వల్ల సరిగా పనిచేయదు. మోతాదు మించి రక్తంలో కలిస్తే కండరాలు అదురుతాయి, మూర్ఛ వస్తుంది, చివరికి గుండె దెబ్బతింటుంది. ఎక్కువసేపు పనిచేసే బుపివకెయిన్ గుండెకు మరీ ప్రమాదం, దాన్ని రక్తనాళంలోకి ఎక్కించకూడదు. ఆ విషానికి విరుగుడుగా కొవ్వు ద్రావణం పనికొస్తుందని గై వైన్‌బర్గ్ బృందం 1998లో ఎలుకల్లో, 2003లో కుక్కల్లో చూపింది. మళ్లీ జంతువులే ముందు!

నా లెక్కలో అసలు ముప్పు మందులో లేదు, చిన్న ప్రాణి బరువును చూడకపోవడంలో ఉంది. 2 శాతం లిగ్నోకెయిన్ మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములుంటాయి. మేకల్లో కిలోకు సుమారు 5 మిల్లీగ్రాములు మించవద్దంటారు. అంటే 3 కిలోల మేకపిల్లకు ముప్పాతిక మిల్లీలీటరే హద్దు. కొమ్ము మొలకలు తీసేటప్పుడు దూడకు కొమ్ముకు ఒక నరాన్ని మొద్దుబారిస్తే చాలు; మేకపిల్లకు రెండేసి, మొత్తం నాలుగు చోట్ల సూది పడాలి. అందుకే మందును పలుచన చేస్తారు. కొమ్ము మొలకలు తీయించే ముందు పిల్లను తూకం వేయించండి, కంటి అంచనాను నమ్మకండి.