సార్జ్ కొరకు నిరీక్షణము

విడుదల గడువు ముందుగా నిర్ణయింపబడని పని, అందరును కోరినదైనను, అందరును శ్రమించినదైనను, నానాటికి ఎట్లు దూరమగుచుండునో తెలిసికొనగోరు వారు డెబియన్ చరిత్రలో 2002 మొదలు 2009 వరకు గల ఏడేండ్లను శ్రద్ధగా పరిశీలింపవలెను.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అను అమెరికా విద్యార్థి ప్రారంభించిన ఈ లినక్స్ పంపిణీ, ఏ వ్యాపార సంస్థకును సొంతము గాక, నానాదేశములయందలి స్వచ్ఛంద సేవకుల చేతులలోనే పెరిగి పెద్దదయ్యెను. జీతము పుచ్చుకొనని వారిని తొందరపెట్టు అధికారము ఎవరికిని లేదు గనుక, సిద్ధమైనప్పుడే విడుదల చేయుట వారికి ఆచారమయ్యెను. ఆ ఆచారము వెనుకనున్న గుణనిష్ఠ నాకు పూజ్యము. అయినను దాని ఫలితము కఠినముగానే పరిణమించినది.

వుడీ అను 3.0 వెర్షను 2002 జులైలో వెలువడగా, దాని తరువాతిదైన సార్జ్ 2005 జూన్ 6వ తేదీకి గాని లోకమునకు అందలేదు. ఇన్‌స్టాలరును మొదటినుండి తిరిగి వ్రాయవలసి వచ్చుటయు, పదునొకండు విధముల కంప్యూటర్లకు 15,000 పైచిలుకు ప్యాకేజీలను సమకూర్చవలసి యుండుటయు, భద్రతా సవరణలను అందించు ఏర్పాట్లు సకాలమున కుదరకపోవుటయు ఈ జాప్యమునకు కారణములు. వీనికంటె సూక్ష్మమైన కారణము వేరొకటి కలదు. మరల బస్సు ఎప్పుడు వచ్చునో తెలియని పల్లెలో, ఉన్న బస్సునకే ఊరెల్ల ఎగబడినట్లు, తరువాతి విడుదల ఎన్నటికో అను భయముచేత ప్రతివాడును తన క్రొత్త పనిని ఈ విడుదలలోనే చేర్పింపజూచును. చేరిన ప్రతి క్రొత్త పనియు క్రొత్త దోషములను తెచ్చును. ఆ దోషములను దిద్దులోపల మరికొంత కాలము గడచును. ఆలస్యమే ఆలస్యమును పెంచినది.

ఈ నడుమనే, 2004 అక్టోబరులో, డెబియన్ ప్యాకేజీలనే ఆధారముగా గొని ఉబుంటు అను వేరొక లినక్స్ పంపిణీ వెలువడెను. ఆరునెలల కొక విడుదల దాని వ్రతము, 4.10 అను దాని సంఖ్యలోనే సంవత్సరమును నెలయు నిలిచియున్నవి. లినక్స్‌పై నడచు గ్నోమ్ అను డెస్క్‌టాపును నిర్మించువారు అంతకు మున్నే అర్ధసంవత్సర క్రమమును అవలంబించియుండిరి. విడుదలకు ముందుగా నిర్ణయించిన ఒకానొక తేదీనుండి తెరపై కనబడు వాక్యములను మార్చరాదను వారి నియమము, తెలుగువంటి భాషలలోనికి అనువదించు వారికి ఎంత మేలు చేసినదో చెప్పనలవి గాదు. పునాది కదలుచుండగా గోడ కట్టు దురవస్థ వారికి తప్పినది.

డెబియన్ వారును ఊరకుండలేదు. 2006లో, రానున్న ఎచ్ వెర్షనును డిసెంబరులోనే వెలువరింపవలెనని, ఇద్దరు విడుదల నిర్వాహకులకు కొంతకాలము వేతనమిచ్చు డంక్-ట్యాంక్ అను ప్రయత్నము జరిగెను. ఉచితముగా చేయు పనికి కొందరికి మాత్రమే ధనమిచ్చుట ఎందరి మనస్సులనో నొప్పించినది. కొందరు పనియందు ఉత్సాహము కోల్పోయిరి. ఎచ్ 2007 ఏప్రిల్‌లో గాని రాలేదు. సేవాభావముతో నడచు సమాజమునకు కావలసినది ధనము గాదనియు, అందరికిని సమానముగా వర్తించు కాలనియమమే యనియు ఈ ఘటన చూపినదని నా దృఢాభిప్రాయము.

అట్టి నియమము 2009 జులైలో ఏర్పడెను. వారు నిర్ణయించినది విడుదల తేదీని గాదు, ఫ్రీజ్ కాలమును: రెండేండ్లకొకమారు క్రొత్త వెర్షన్లను స్వీకరించుట మాని, దోషములను దిద్దుటయందే నిమగ్నులు కావలెను, దిద్దుట ముగిసినపిమ్మట విడుదల. ప్రాచీనమైన గుణనిష్ఠ చెడకయే కాలనిష్ఠ వచ్చి చేరినది. మొదటి ఫ్రీజ్ 2009 డిసెంబరునకు అనుకొన్నది, 2010 ఆగస్టునకు జారినది. కాని ఆ పిమ్మట 2011, 2013, 2015, 2017, 2019, 2021, 2023, 2025 సంవత్సరములలో, ఒక్కటియు తప్పక, డెబియన్ క్రొత్త వెర్షను వెలువడెను.