ఈవ్ ఆన్‌లైన్: ప్రమాద మండలాల్లో ఖనిజ తవ్వకం

ప్రమాద మండలాల్లో ఖనిజ తవ్వకం అంటే, ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో రక్షణ తక్కువగా ఉన్న లేదా అసలే లేని ప్రాంతాల్లో ఆటగాళ్లు గ్రహశకలాల నుంచి ముడి ఖనిజం సేకరించే వృత్తి.

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్ రూపొందించిన ఈ ఆట 2003 మే 6న విడుదలైంది. ఇందులో ప్రతి నక్షత్ర వ్యవస్థకూ ఒక భద్రతా స్థాయి ఉంటుంది. 0.5 నుంచి 1.0 వరకు ఉన్నచోట అక్రమంగా దాడి చేసినవారి ఓడను కాంకర్డ్ అనే ఆటలోని పోలీసు దళం ధ్వంసం చేస్తుంది. 0.1 నుంచి 0.4 వరకు, వ్యవస్థల మధ్య దారులైన గేట్లు, స్టేషన్ల దగ్గరి తుపాకులే దిక్కు. 0.0, అంతకు తక్కువ స్థాయిల్లో దాడికి శిక్షే లేదు. ఆర్కనార్, బిస్టాట్ వంటి విలువైన ఖనిజాలు ప్రధానంగా అక్కడివే.

బతికి బయటపడటం ముందుచూపు మీద ఆధారపడుతుంది. వ్యవస్థలోకి కొత్తవారు రాగానే లోకల్ జాబితాలో పేరు కనిపిస్తుంది. 2009లో చేరిన వార్మ్‌హోల్ ప్రాంతాల్లో మాత్రం ఆ వ్యక్తి చాట్‌లో మాట్లాడేదాకా పేరు కనిపించదు. అందుకే అక్కడ సుమారు 14.3 ఖగోళ ప్రమాణాల దూరం చూపే దిశా స్కానర్ కీలకం.

ఓడ గమ్యం వైపు తిరిగి, గరిష్ఠ వేగంలో 75 శాతం అందుకున్నాకే వార్ప్ అనే అతివేగ ప్రయాణం మొదలవుతుంది. కాబట్టి తవ్వుతున్నంతసేపూ ఓడను స్టేషన్ వైపే కదిలిస్తూ ఉంచడం అనుభవజ్ఞుల పద్ధతి. 2012లో వచ్చిన వెంచర్ అనే గని ఓడకు వార్ప్‌ను అడ్డుకునే పరికరాలను కొంతవరకు తట్టుకునే శక్తి ఉంది. మిగతా గని ఓడల్లో ప్రొక్యూరర్‌కు కవచం గట్టిది, కోవెటర్‌కు తవ్వకం ఎక్కువ.

ఆటలోని ఓడలు, ఆయుధాలు చాలావరకు ఆటగాళ్లే ఈ ఖనిజాలతో తయారుచేస్తారు. అందువల్ల గని ఓడల నష్టాలు మార్కెట్ ధరల్లోనూ ప్రతిఫలిస్తాయి.